పైపు నీడ గడియారం

నల్లమాడకు ఆరు మైళ్ల అవతలి పల్లెలో ఇంద్రాణి అంగన్‌వాడీ టీచరుగా చేరి తొమ్మిదేళ్లయింది. ఏడ్చే పిల్లలు ఆమెకు కొత్త కాదు. బెల్లం ముక్కకు ఊరుకునేవాళ్లనూ, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఊరుకునేవాళ్లనూ చూసింది. అందరూ తిరుపాలు అని పిలిచే తిరుపాలమ్మ మాత్రం ఏడ్చేదే కాదు. నాలుగేళ్ల ఆ పిల్ల, పొద్దున తల్లి దిగబెట్టి పోయిన చోటే, గడప మీద, దారివైపు చూస్తూ సాయంత్రం దాకా కూర్చునేది. ఎవరు దగ్గరికొచ్చినా ఒకటే అడిగేది.

"అమ్మ ఎప్పుడొస్తాది?"

అది 2002. వానలు మొహం చాటేసిన ఏడు. జులై సగమైనా విత్తనం పడక చేలన్నీ ఎర్రగా, బోడిగా పడి ఉన్నాయి. తిరుపాలు తల్లి నాగలక్ష్మమ్మ చెరువులో పూడిక తీసే పనికి పోయేది. పని చేసినవాళ్లకు బియ్యమిస్తున్నారు. ఆయా బయమ్మ ఇప్పుడే వస్తాదిలే అని పొద్దున తొమ్మిదికీ చెప్పేది, పన్నెండుకీ చెప్పేది. వారం తిరిగేసరికి ఆ మాటకు తిరుపాలు తల తిప్పడం కూడా మానేసింది.

ఇంద్రాణికి మనసు చివుక్కుమంది. పిల్ల అడిగేది ఓదార్పు కాదు, జవాబు. ఆ రోజే బిస్కెట్ల అట్టపెట్టె కోసి, చేట అంత గుండ్రంగా గడియారం చేసింది. అంకెల పక్కన బొమ్మలు వేసింది. తొమ్మిది దగ్గర పలక, పన్నెండు దగ్గర ఉప్మా గిన్నె, రెండు దగ్గర పడుకున్న పాప, నాలుగు దగ్గర ఎర్రచీర కట్టిన అమ్మ. చీపురుపుల్లలు ముళ్లయ్యాయి. తన చేతిగడియారం చూస్తూ పెద్దముల్లునూ చిన్నముల్లునూ తనే జరిపేది. పిల్లలు చుట్టూ మూగారు. తిరుపాలు కూడా గడప దిగి వచ్చింది.

మర్నాడు పదింటికి పొయ్యి దగ్గర్నుంచి వచ్చేసరికి చిన్నముల్లు అమ్మ బొమ్మ మీద ఉంది. తిరుపాలు దడి దగ్గర నిలబడి దారి చూస్తోంది. చాలాసేపు చూసి తిరిగొచ్చింది.

"ముల్లు వచ్చినాది. అమ్మ రాలేదు" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. చేత్తో తిప్పితే తిరిగే గడియారం ఆ పిల్లకు బయమ్మ మాటతో సమానమైపోయింది. ఎవరూ తిప్పలేని గడియారం కావాలి.

ఆ సాయంత్రం ఇంద్రాణి రైతు ఎర్రన్న ఇంటికి వెళ్లి ఒక పైపు ముక్క అడిగింది. ఎండిపోయిన బోరులోంచి పీకిన ఇనుప పైపులు ఆయన దొడ్డి గోడకు ఆనించి ఉన్నాయి. దేనికని ఆయన అడిగాడు, పిల్లలకు గడియారమని ఆమె చెప్పింది. ఆయన ఆమె మొహం ఒకసారి చూసి, మరింకేం అడగకుండా నాలుగడుగుల ముక్క కోసి భుజాన వేసుకొచ్చాడు. అంగన్‌వాడీ ముందు వాకిట్లో గుంత తీసి పాతాడు. దారానికి రాయి కట్టి నాలుగు పక్కలా వేలాడదీసి, పైపు నిటారుగా ఉందని ఖాయం చేసుకున్నాకే మట్టి వేసి దిమ్మిస కొట్టాడు.

తర్వాత ఇంద్రాణి రోజంతా వాకిట్లోనే తిరిగింది. పైపు నీడ కొస ఎక్కడికి వస్తే అక్కడ సున్నం పూసిన రాయి పెట్టింది. పలక రాయి పడమటి దిక్కున, అమ్మ రాయి తూర్పున ఐదడుగుల దూరాన. ఉప్మా రాయి మాత్రం పైపుకు దక్షిణాన, జానెడు కూడా దూరం లేదు. నడిమధ్యాహ్నం నీడ అంతే ఉంది.

తిరుపాలు మొదటిరోజు నీడను చేత్తో తోసి చూసింది. మట్టి కప్పింది. నీడ మట్టి మీదకెక్కింది. కాలు అడ్డం పెట్టింది. కాలి మీదకెక్కింది. ఆ సాయంత్రం నీడ కొస అమ్మ రాయిని తాకి కాసేపయ్యేసరికి, దుమ్ము కొట్టుకుపోయిన గంపతో నాగలక్ష్మమ్మ దారి మలుపులో కనిపించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగోరోజు తిరుపాలు గడప మీద కూర్చోలేదు. ఉప్మా తిని, పిల్లలతో ఆడి, పడుకుని లేచి, ఒక్కసారి వాకిట్లోకి తొంగిచూసి మళ్లీ ఆటకు పోయింది. బయమ్మ అది చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కథ ఇక్కడితో అయిపోతే ఇంద్రాణికి అదే చాలు. కానీ ఆగస్టు మొదటివారంలో తిరుపాలు ఆమె కొంగు పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయింది.

"అక్కా, నీడ పైపులోకి పోతాండాది."

నిజమే. ఉప్మా వేళకు నీడ రాయిని అందుకోవడం లేదు. నాలుగువేళ్లంత మిగిలింది. ఇంద్రాణి రాయిని పైపు వైపుకు జరిపింది. నాలుగురోజులకు మళ్లీ జరపాల్సి వచ్చింది. తరువాత రాయి పైపుకే ఆనింది. మబ్బు లేని ఆకాశం కింద, ఊరంతా వాన కోసం తల పైకెత్తి చూస్తుంటే, ఈ పిల్ల తల దించుకుని రోజూ ఆ నీడనే చూస్తోంది.

పద్నాలుగో తేదీన పన్నెండు దాటి ఇరవై నిమిషాలైంది. పిల్లలు వాకిట్లోంచి అరిచారు. ఇంద్రాణి వెళ్లి చూస్తే పైపుకు నీడ లేదు. చుట్టూ ఎటు తిరిగి చూసినా లేదు. భగభగలాడే ఎండలో పైపు ఒంటరిగా నిలబడి ఉంది. పిల్లల కాళ్ల కింద తప్ప వాళ్ల నీడలూ లేవు. చేతిలోని నిలువు గ్లాసును నేల మీద పెట్టి చూసింది, దానికీ లేదు. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నెత్తికి సూటిగా వస్తాడని పదో తరగతిలో పరీక్ష కోసం కంఠతా పట్టింది. ఆ వాక్యం తన వాకిట్లోకే వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

బయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అరవై ఏండ్లు ఈ ఎండలోనే బతికినా. ఒక్కనాడూ చూడలేదు కదమ్మా" అంది, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

తిరుపాలు మాత్రం పైపును రెండు చేతులా పట్టుకుంది. పిల్ల చూపు అమ్మ రాయి మీదే ఉంది. నీడ లేకపోతే అమ్మ రాయి దగ్గరికి పోయేదేది? ఇంద్రాణికి అర్థమైంది. పక్కన గొంతుకూర్చుని పైపు మొదలు చూపించింది. ఏం కాదని చెప్పలేదు. చూస్తూ ఉండమని మాత్రం చెప్పింది. ఇద్దరూ తల వంచి చూశారు. కొంతసేపటికి తూర్పుపక్కన, వెంట్రుక మందాన, నల్లగా ఒక గీత పుట్టింది.

"వచ్చినాది" అంది తిరుపాలు.

నాలుగింటికి వచ్చిన నాగలక్ష్మమ్మకు కూతురు గంప దించనివ్వకుండా అంతా చెప్పింది. ఆమె నమ్మలేదు. మధ్యాహ్నమంతా మట్టి మోసింది కానీ నేల చూసుకునే తీరిక ఆమెకెక్కడిది? మర్నాడు పంద్రాగస్టు, పూడిక పనికి సెలవు. రేపు కూడా జరుగుతుందా అని ఆమె అడిగితే, ఇంచుమించు అంతే ఉంటుందని ఇంద్రాణి చెప్పింది.

ఆ మాట ఊరంతా పాకింది. జెండా ఎగరేసి చాక్లెట్లు పంచాక కూడా జనం ఇళ్లకు పోలేదు. ఎర్రన్న గడ్డపార తెచ్చి నిటారుగా నాటాడు. ఆడవాళ్లు చెంబులు, రోకళ్లు తెచ్చి వరుసగా నిలబెట్టారు. నీడలు కుంచించుకుపోతుంటే మాటలు తగ్గాయి. పన్నెండు ఇరవైకి ఆ వాకిట్లో రోకలికి లేదు, గడ్డపారకు లేదు, పైపుకు లేదు. ఎండను తిట్టని మనిషి ఆ ఏడాది ఆ ఊళ్లో లేడు; ఇప్పుడు అదే ఎండ కింద తువ్వాళ్లు, కొంగులు తీసేసి వట్టి తలలతో నిలబడ్డారు. ఎర్రన్న ఎందుకో చెప్పులు విడిచాడు. ఆయన్ను చూసి పక్కవాళ్లూ విడిచారు, కాలుతున్న నేల మీదే.

"మీ టీచరు జెప్పినాదా నీకు ఇది?" అని ఎవరో తిరుపాలును అడిగారు.

"నేనే చూసినా" అంది అది.

నాగలక్ష్మమ్మ కూతుర్ని ఎత్తుకోలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల వేలు ఎటు చూపిస్తే అటు చూసింది. తూర్పుపక్క గీత పుట్టి, అంగుళమై, బెత్తెడై, జనమంతా ఒక్కొక్కరే వెళ్లిపోయినా ఆమె లేవలేదు. పొయ్యి మీదికి ఎసరు పెట్టాలన్న సంగతి ఎవరో గుర్తుచేశారు. ఆమె చేత్తో ఉండమన్నట్టు సైగ చేసింది.

"ఇంకొంచేపు చూడనీ. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు" అంది.

ఆమె చూస్తున్నది నీడనో, కూతురి మొహాన్నో, ఇంద్రాణికి తెలియలేదు.