గీర్తి కడుపులో పిల్ల

తెల్లవారకముందే లేచి గీర్తి నేలమాళిగ వంటింట్లో పొయ్యి రాజేసేది. బూడిద కింద కునుకుతున్న నిప్పుల్ని ఎగదోసి, ఎండుపుల్లలు పేర్చి, ఇనపకుండలో నీళ్లు మరిగాక మొక్కజొన్న రవ్వ చల్లుతూ గరిటెతో తిప్పేది. పొయ్యికీ తనకీ మధ్య కడుపు అడ్డం వస్తుంది కాబట్టి పక్కకి తిరిగి ఒంటిచేత్తో కలిపేది. మూడో ఏడు నడుస్తున్న కడుపు. ఆపాటికి అలవాటైపోయింది.

పైన రాతి ఇంట్లో వాళ్లు లేచేసరికి జావ పొగలు కక్కుతూ బల్ల మీదుండాలి. డెర్క్ వాన్ లూనెన్ దొర చుట్ట వెలిగించుకోవడానికి నిప్పు కోసం మెట్ల దాకా వచ్చి రోజూ అడిగే మాటే అడిగేవాడు.

"ఏమే, ఇంకా కనలేదా?"

"లేదు దొరా."

"ఇంత బద్ధకమేంటే! మా అమ్మాయి పెళ్లికి ఆ పిల్లని కానుకగా ఇస్తానన్నాను. పెళ్లయింది, అమ్మాయికో కొడుకూ పుట్టాడు. నీ పిల్ల మాత్రం లోపలే కూచుంది."

"దాని ఇష్టం దొరా. నా చేతుల్లో ఏముంది?"

ఆ ఒక్క మాటే అబద్ధం. అది తప్ప గీర్తికి తనదంటూ దాచుకున్నది ఏదీ లేదు.

అంతకుముందు ఆమెకో కొడుకుండేవాడు, యాప్ అని, అయిదేళ్లవాడు. ఒక చలికాలం రొట్టెలకి పిండి పిసుకుతుంటే పైన గుర్రాల మెడలో గంటలు మోగాయి. ఎవరో చుట్టాలు మంచుబండిలో వచ్చారనుకుంది. పిండి చేతులతోనే మెట్లెక్కి చూసేసరికి బండి దారి మలుపు తిరుగుతోంది. వెనకాల ఎండుగడ్డిలో వాడి తల కనిపించింది. పరిగెత్తింది. మోకాటిలోతు మంచులో మనిషి ఎంతదూరం పరిగెత్తగలదు? తిరిగొచ్చేసరికి పిండి పులిసి పొంగి బల్లంతా పారింది. రొట్టె పాడుచేసిందని దొరసాని ఆ పూట తిండి పెట్టలేదు.

మళ్లీ కడుపు వచ్చి, నెలలు నిండి, నొప్పులు మొదలయ్యాక గీర్తి గోడ వైపు తిరిగి కడుపు మీద చెయ్యేసి మెల్లగా చెప్పింది. "రావద్దే. వస్తే నిన్నూ యాప్‌లాగే అమ్మేస్తారు. నేనేం చెయ్యలేను." నొప్పులు ఆగిపోయాయి. మంత్రసాని నెల్ అవ్వ, ఆమె కూడా దొర కొన్న బానిసే, కడుపుకి చెవి ఆనించి కాసేపు విన్నది.

"ఆడపిల్ల. మాట వినే రకం," అంది. చేతులు కడుక్కుని, బుట్టలోంచి ఒక ఆపిల్ పండు తీసుకుని కొరుక్కుంటూ వెళ్లిపోయింది. ఆదివారం గుడిలో పాస్టరుగారిని దొర అడిగితే, ఏ పుట్టుకకైనా వేళ నిర్ణయించేవాడు దేవుడు అన్నాడాయన. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

గీర్తి మొగుడు బ్రామ్ పక్క పొలం దొర దగ్గర ఉండేవాడు. శనివారం సాయంత్రాలు మాత్రం వదిలేవారు. వచ్చి, బూట్లు గుమ్మం దగ్గర విప్పి, పెళ్లాం ఒళ్లో తలపెట్టి, లోపలున్న పిల్లతో ఆ వారం కబుర్లన్నీ చెప్పేవాడు. ఏ ఆవు ఈనింది, గోధుమ కోత ఎంతవరకు వచ్చింది, నది మీద ఎన్ని ఓడలు దిగువకి పోయాయి. పిల్ల వినేది. వాడు నవ్వించే మాట చెబితే తన్నేది.

ఆ వసంతంలో బ్రామ్ ఒకసారి వారం మధ్యలోనే, అడగకుండా, పొలాలకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు.

"గీర్తీ! ఆల్బనీ శాసనసభలో పెద్దలు చట్టం చేసేశారే! వచ్చే జులై నాలుగు నించి మనవాళ్లకి పుట్టిన పిల్లలు బానిసలు కారట!"

"ప్రతి ఏడూ ఇదే మాట. ప్రతి ఏడూ వాళ్లలో వాళ్లు కొట్టుకుని లేచిపోతారుగా?"

"ఈసారి అయిపోయిందే. పిండిమర ఆడించే ఆయన పత్రికలో గట్టిగా చదివాడు. చదివి, పత్రికని నేలకేసి కొట్టాడు. నిజం కాకపోతే అంత కోపమెందుకొస్తుంది?"

గీర్తి గరిటె కింద పెట్టి కూచుంది. కడుపులో పిల్ల కూడా కదలకుండా వింది.

జులై నాలుగు పొద్దుటికే నెల్ అవ్వ పాత గుడ్డలు ఉతికి ఆరేసింది. మధ్యాహ్నం నది ఒడ్డున పట్నంలో స్వాతంత్ర్య దినం పండగ ఫిరంగులు పేలుతుంటే గీర్తికి నొప్పులు వచ్చాయి. ఆమే పిల్లని రమ్మంది. అప్పుడు డెర్క్ దొర ఎన్నడూ లేనిది మెట్లన్నీ దిగి కిందికొచ్చాడు. మొహాన నవ్వుంది.

"కనవే, కను. దేనికీ బెంగపెట్టుకోకు. నీ పిల్ల స్వతంత్రురాలు. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా నా దగ్గర పని చెయ్యాలి, అంతే. తిండి నాది, కష్టం దానిది."

గీర్తి పంటి బిగువున నొప్పి ఆపుకుని అడిగింది. "మధ్యలో అమ్మరు కదా దొరా?"

"స్వతంత్రురాల్ని ఎలా అమ్ముతానే పిచ్చిదానా! దాని పనిని అమ్ముకోవచ్చు. పని ఎవరు కొనుక్కుంటే పిల్ల అక్కడికి పోతుంది."

ఆయన పైకి వెళ్లిపోయాడు. నెల్ అవ్వ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. గీర్తి పైకప్పు దూలాల్ని చూస్తూ చాలాసేపు పడుకుంది. తర్వాత కడుపు మీద చెయ్యేసింది.

"ఇప్పుడు కాదే."

నొప్పులు తగ్గిపోయాయి. అవ్వ గుడ్డలన్నీ మడతపెట్టి పెట్టెలో దాచేసింది.

సాయంత్రం బ్రామ్ చేతిలో చెక్క బొమ్మ పట్టుకుని వచ్చాడు. సంగతి విని కూలబడ్డాడు.

"ఇరవై అయిదేళ్లేగా గీర్తీ! ఆ తర్వాతైనా దాని బతుకు దానిది."

"యాప్‌ని తీసుకుపోవడానికి ఎంతసేపు పట్టింది? ఇరవై అయిదేళ్లలో ఎన్ని బండ్లు రావు?"

"నా బిడ్డ మొహం నేను చూడొద్దా? నీకేం, రాత్రీ పగలూ నీతోనే ఉంటుంది. నాకో? గౌను మీద చెవి ఆనించి వినడమేనా?"

బ్రామ్ బొమ్మని పొయ్యి పక్కన పెట్టి చీకటి పడకుండానే వెళ్లిపోయాడు.

రెండేళ్లకి బ్రామ్ దొర ఇక్కడి పొలం అమ్మేసి పడమట సరస్సుల దేశంలో కొత్త భూములు కొన్నాడు. మనుషుల్నీ పశువుల్నీ తోలుకుపోతున్నాడని తెలిసి గీర్తి పైకి వెళ్లి డెర్క్ దొర కాళ్ల దగ్గర కూచుంది. బ్రామ్‌ని కొనమని అడిగింది. "వాడా? వాడు తినే తిండికి రెండు గుర్రాలు బతుకుతాయి," అన్నాడాయన, పెద్ద కోపమేమీ లేకుండానే.

బండ్లు కదిలే పొద్దున బ్రామ్ పెరట్లోకి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. కడుపు మీద చెయ్యేశాడు.

"ఒక్కసారి రావే తల్లీ. చూసి వెళ్లిపోతాను."

లోపల పిల్ల గిర్రున తిరిగింది. బుల్లి మడమ ఒకటి వాడి అరచేతికి ఆనింది. గీర్తి ఒక్క మాటంటే చాలు, వచ్చేసేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె పెదవి కొరుక్కుంది. రోడ్డు మీంచి ఎవరో కేకేశారు. బ్రామ్ లేచి, గీర్తి మొహంలోకి చూడకుండానే నడిచిపోయాడు.

"తప్పు చేశానా అవ్వా?" అని అడిగింది ఆ సాయంత్రం.

"నాకేం తెలుసే," అంది నెల్ అవ్వ. "నీ చేతిలో ఉన్నది అదొక్కటే. అదే చేశావు."

ఏళ్లు గడిచాయి. నెల్ అవ్వకి చూపు మందగించగానే డెర్క్ దొర ఆమెకి స్వేచ్ఛ ఇచ్చి వాగు ఒడ్డున గుడిసెలో పడేశాడు. పని చేయలేని మనిషికి తిండి పెట్టే బాధ తప్పింది ఆయనకి. తర్వాత ఆయనా పోయాడు. కొడుకు యోస్ట్ దొర అయ్యాడు.

యోస్ట్ మంచివాడు. బానిసల విముక్తి సంఘంలో చేరాడు. నెలకోసారి సంఘం పెద్దలు భోజనానికి వచ్చేవాళ్లు. గీర్తి కడుపుని గుమ్మంలోంచి ఓరగా దూర్చి పళ్లేలు మోస్తుంటే, ఈ జనం స్వేచ్ఛకి తయారుగా ఉన్నారా లేదా అని వాదించుకునేవాళ్లు. ఒకసారి ఒక ముసలాయన మర్యాదగా ఆమె వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

గీర్తి ఆలోచించింది. "బంగాళదుంపలు ఇంకా వెయ్యమంటారా?" అంది.

అందరూ నవ్వారు. యోస్ట్ మాత్రం నవ్వలేదు. వాళ్లు వెళ్లాక కిందికొచ్చాడు.

"గీర్తీ, నువ్వు కను. పుట్టిన రోజే కాగితం రాసిస్తాను. ఏ చాకిరీ లేదు, ఏ గడువూ లేదు. నా మాట నమ్ము."

ఆ చలికాలమంతా గీర్తి దాని గురించే ఆలోచించింది. నమ్మాలనిపించింది. నూలు వడుకుతూ పిల్లని అడిగేది, ఏమంటావే అని. మంచు కరిగేలోగా కనేద్దామనుకుంది కూడా. ఈలోగా ప్రభుత్వం పరదేశాలకి పోయే ఓడల్ని రేవుల్లోనే ఆపేసింది. గోధుమ కొనే నాథుడు లేడు. కొట్లో ధాన్యం పురుగు పట్టింది. ఒకరోజు గుర్రాలకి నీళ్లు పెట్టే పీట్ కనిపించలేదు. ఓడలో న్యూయార్క్ పంపాను, పనుంది అన్నాడు యోస్ట్. దక్షిణాది పత్తి పొలాలకి మనుషుల్ని దాటించకూడదని చట్టముంది. అయినా దాటిస్తారని నది ఒడ్డున అందరికీ తెలుసు.

నాలుగు రోజులు యోస్ట్ సరిగా తినలేదు. అయిదోరోజు కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇంకో దారి లేకపోయింది గీర్తీ," అన్నాడు. ఆమె ఆయన ముందున్న ఎంగిలి గిన్నె తీసుకుని కిందికి దిగింది. కాగితం మాట మళ్లీ ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఇంకా ఏళ్లు గడిచాక ఆల్బనీలో మరో చట్టం వచ్చింది. ఈసారి పెద్దవాళ్లకి కూడా స్వేచ్ఛ. అయితే పదేళ్లు ఆగాలి. ఆ కబురు నెల్ అవ్వకి చెప్పడానికి గుడిసెకి వెళ్లింది గీర్తి.

"పదేళ్లెందుకటే?"

"తయారవడానికట."

"ఎవరు? మనమా, వాళ్లా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అవ్వ కళ్లు తుడుచుకుంది.

గీర్తి జుట్టు నెరిసింది. నడుము వంగిపోయింది. పాదాలు ఏ బూట్లలోనూ పట్టకుండా వాచాయి. పిల్ల బయటికి రావాలని తొందరపడ్డప్పుడల్లా బయట జరిగేవి చెప్పేది. ఎవర్ని కట్టేసి కొట్టారో, ఎవరి వేళ్లు చలికి రాలిపోయాయో, ఎవరి బిడ్డ ఏ ఊరికి పోయిందో. విని పిల్ల సర్దుకుని వెనక్కి ముడుచుకునేది.

పదేళ్లూ నిండి చివరికి ఆ జులై నాలుగు వచ్చింది. గీర్తి ఎప్పటిలాగే పొయ్యి రాజేసి జావ పెట్టింది. యోస్ట్ మెట్ల మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఈ వయసులో ఎక్కడికి పోతావు గీర్తీ? ఇక్కడే ఉండు. జీతమిస్తాను."

"జావ అడుగంటేలా ఉంది. కాస్త తిప్పుతూ ఉండండి," అంది. గరిటె ఆయన చేతికిచ్చి, గోడ పట్టుకుని మెట్లెక్కి, దారిన పడింది.

వాగు ఒడ్డున నెల్ అవ్వ ఇంకా బతికే ఉంది. చూపు బొత్తిగా లేదు, చేతులున్నాయి. గీర్తి మంచం మీద వాలింది. "ఇక రావచ్చే," అంది. నొప్పులు వచ్చాయి. పిల్ల రాలేదు.

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. అవ్వ తడిమి చూసి తల అడ్డంగా ఊపింది.

"గట్టిగా పట్టుకుని కూచుందే. హడలిపోయి ఉంది. ఇన్నేళ్లూ ఏం చెప్పావు దానికి?"

"ఉన్నదే చెప్పాను."

"అయితే ఇప్పుడో మంచి మాట చెప్పు. ఏదో ఒకటి."

గీర్తి వెతుక్కుంది. నది బాగుంటుందని చెబుదామంటే పీట్ పోయింది ఆ నది మీదే. మంచు బాగుంటుందనడానికి నోరు రాలేదు. నాన్న ఎదురుచూస్తున్నాడని చెబుదామా? బ్రామ్ కబురు ఏనాడూ రాలేదు. వసంతం పండగలో మనవాళ్ల డప్పులు మోగుతాయందామంటే, ఆ పండగని పట్నం పెద్దలు ఆపేసి చాలా కాలమైంది. ఎంత తవ్వినా చేతికి ఏమీ తగల్లేదు. రేపు ఏం తింటారో, ఎక్కడ పడుకుంటారో కూడా తెలియదు. పిల్ల ఊపిరి లోపల బరువెక్కుతోంది. గీర్తికి ఏడుపొచ్చింది.

"మంచి మాట ఒక్కటీ లేదే నా దగ్గర," అంది. "నేనొక్కదాన్నే ఉన్నాను. అందరూ పోయారు. నువ్వొస్తే నాకు బాగుంటుంది."

తన కోసం ఆమె ఎవరినైనా ఏదైనా అడిగితే దక్కడం అదే మొదలు. పిల్ల వచ్చేసింది.

పిడికెడంత పిల్ల. ముడతలు పడ్డ మొహం, తడి జుట్టు. ఒక్క క్షణం ఆగి నోరు తెరిచి గుక్కపట్టింది. గీర్తి చెయ్యి దానంతటదే లేచి ఆ నోటిని మూసింది. నేలమాళిగలో పసిపిల్ల ఏడిస్తే పలకల సందుల్లోంచి పైకి వినబడుతుంది. దొరల నిద్ర చెడుతుంది. అక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ మొదట తగిలేది తల్లి అరచెయ్యే.

"ఏమైందే? ఏడుపు ఆగిందేం?" నెల్ అవ్వ కంగారుగా చేతులు చాపి తడిమింది. గీర్తి చెయ్యి తగిలింది. అవ్వకి అర్థమైంది. ఒక్కొక్క వేలే పట్టుకుని మెల్లగా తీసేసింది.

పిల్ల ఏడుపు గుడిసె దాటి, వాగు దాటి, రోడ్డు మీదికి పోయింది. ఎవరూ రాలేదు. ఎవరూ తిట్టలేదు. అది ఏడుస్తూనే ఉంది. నోరు మూసిన ఆ చేతిని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గీర్తి తన ఒళ్లోనే పెట్టుకుని, వింటూ కూచుంది.