ముప్పై లీటర్లు

మా ఆయన ప్యాంటు నడుము కుట్లు విప్పుతున్నాను. ఈ ఏడాది ఇది రెండోసారి. విప్పి, లోపలికి మడిచిన గుడ్డను అంగుళం వదిలి, పాత కుట్టు జాడ కనపడకుండా ఇస్త్రీ చేసి మళ్ళీ కుట్టాలి. ఈసారితో సరి. లోపల ఇక వదలడానికి గుడ్డ లేదు.

"ఉతకడం చేతకానిదాని చేతిలో పడితే గుడ్డలిలాగే ముడుచుకుపోతాయి" అన్నాడు పొద్దున, ఊపిరి బిగబట్టి బొత్తాంతో కుస్తీ పడుతూ. పద్నాలుగేళ్ళుగా నేనుతికే గుడ్డల్లో ముడుచుకుపోయేవి ఆయనవి మాత్రమే. నా చీరలు ముడుచుకోవు, అత్తయ్య దుప్పట్లు ముడుచుకోవు, కిటికీ తెరలు ముడుచుకోవు. ఆ మాట పైకి అనలేదు. నోటితో ఇప్పటికీ మీరు అనే అంటాను. లోపల ఎప్పుడో మానేశాను.

"మావాడు పెళ్ళినాటి నుంచి వెంట్రుకవాసి మారలేదు" అంది అత్తయ్య మంచం మీంచి. "నువ్వే పీపాలా తయారయ్యావు."

వీధిలో ఆయన్ని ఛాంపియన్ అంటారు. బోర్డు వేసుకుని అలల మీద నిలబడే పోటీలో ఒకప్పుడు గెలిచాడు. అప్పటి బరువు డెబ్బై కిలోలు. ఇప్పుడు ఊళ్ళో పిల్లలకు ఆ విద్య నేర్పుతాడు. ఇంటి వెనక షెడ్డులో ఆ బోర్డులు తయారవుతాయి. వాటి మీద పేరు ఆయనది. పెళ్ళయిన మొదటి ఏడాది ఆ షెడ్డు తుడిచాను. రెండో ఏడాది ఆయన కోస్తుంటే పట్టుకున్నాను. పైపూతకు వాడే రెజిన్ జిగురు వాసనకు తలనొప్పి వస్తోందన్నాడు. మూడో ఏడాది నుంచి నేనే కోస్తున్నాను. ఫోమ్ దిమ్మను రంపంతో ఆకారానికి తెచ్చి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పోస్తాను. ఆ పొడి చర్మంలోకి దిగి రోజంతా దురద పెడుతుంది. "ఆ చేతులతో నా కంచం ముట్టుకోకు" అంటుంది అత్తయ్య. అన్నం మాత్రం ఆ చేతులే వండాలి.

రెజిన్ పోయకముందు బోర్డు నడిమి చెక్కబద్ద మీద పెన్సిలుతో ఎక్కేవాడి బరువు, బోర్డు ఎన్ని లీటర్లో, అంటే మొత్తం మునిగితే ఎన్ని లీటర్ల నీళ్ళు తోస్తుందో, రాస్తారు. పైన రెజిన్ గాజులా గట్టిపడి ఆ రాత చెరగకుండా ఉండిపోతుంది. తన బోర్డుల మీద ఆయన స్వయంగా రాసుకుంటాడు. డెబ్బై కిలోలు, ముప్పై లీటర్లు. కింద సంతకం. పద్నాలుగేళ్ళుగా అదే.

తేలే వస్తువు తన బరువంత నీటిని పక్కకు తోస్తుందని ఎనిమిదో తరగతిలో మాస్టారు గంగాళంలో గిన్నె తేల్చి చూపించాడు. నా చదువు అక్కడితో ఆగింది. మిగతాది ఒడ్డున కూర్చుని నేర్చుకున్నాను. ఆయన తువ్వాలు, ఆయన మంచినీళ్ళు, ఆయన చెప్పులు కాపలా కాస్తూ. అల వచ్చేటప్పుడు నీళ్ళు రావు. ఖాళీ సీసా ఒకటి పడేసి చూస్తే లేస్తుంది, దిగుతుంది, ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. వచ్చేది బలం. దాన్ని అందుకోవాలంటే బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ అల వేగానికి దగ్గరగా రావాలి. వస్తే, వెనక నీళ్ళు లేచి ముందు పల్లమవుతుంది. ఒంటి బరువు కిందికి లాగుతుంది, నీళ్ళు పైకి నెడతాయి, ఇక ముందుకు జారడమే. రాకపోతే అల మనిషి కిందనుంచి వెళ్ళిపోతుంది. బోర్డు సగం మునిగి ఉంటే చేతుల సత్తువంతా నీళ్ళను చీల్చడానికే పోతుంది, వేగం రాదు. ఇందులో వేరే మాయ లేదు. ఆయన మాత్రం పిల్లలకు, "అంతా గుండెలో ఉంటుందిరా, సముద్రం గుండె చూసి లొంగుతుంది" అని చెబుతాడు.

నాలుగో ఏడాది ఒకరోజు బోర్డును షెడ్డు గోడకేసి కొట్టాడు. "వంకర చెక్కావు. ఒక్క అల అందలేదు." వంకర లేదు. అప్పటికి ఆయన ఆరు కిలోలు పెరిగాడు. నేను గొడవకు భయపడ్డాను. తరవాతి బోర్డుకు ముప్పై అనే రాయనిచ్చి, ఛాతీ కింద వచ్చేచోట కొంచెం మందం వదిలాను. ఈల వేసుకుంటూ వచ్చాడు. "చూశావా? నేనింకా ముప్పై లీటర్ల మీదే!" ఆ రోజు నుంచి ఆయన పెరిగినకొద్దీ బోర్డూ పెరిగింది. అంచులు పల్చగా చెక్కి, మందమంతా నడుమ దాచేదాన్ని. చూసేవాళ్ళకు కనపడేది అంచే. ప్యాంటుకు చేసే పనే బోర్డుకూ చేశాను. ఆఖరు బోర్డు ముప్పై ఎనిమిది. మొన్న డాక్టరు చీటీ మీద తొంభై ఒక్క కిలోలని రాస్తే దాన్ని చించి పారేశాడు. ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది నేను.

అలా మోయించుకుంటూనే, పిల్లలకు బోర్డుల గురించి చెప్పేటప్పుడు నన్ను చూపిస్తాడు. "లావుపాటి మనుషులకు పడవంత బోర్డు కావాలి. ఉదాహరణకు మా ఆవిడ." పిల్లలు నవ్వుతారు. నా బరువు అరవై రెండు.

పోయిన వారం అన్నం తింటూ చెప్పాడు. "క్లబ్బువాళ్ళు ఆదివారం వస్తున్నారు. నా సవారీ చూసి నచ్చితే ఇరవై బోర్డులు చెయ్యమంటారు. అది ఖాయం కాగానే మిషను తెస్తాను. నంబర్లిస్తే అదే కోసేస్తుంది. నీకిక షెడ్డులో పని లేదు."

"నంబర్లెవరిస్తారు?"

"ఎవరిస్తారేంటే? ఇన్నాళ్ళూ ఎవరిచ్చారు? ఆదివారం షెడ్డు తాళంచెవి నాకిచ్చెయ్."

"హమ్మయ్య" అంది అత్తయ్య. "ఇకనైనా నా కాళ్ళు పట్టే తీరిక దొరుకుతుంది దీనికి."

ఈ ఇంట్లో నేను తలుపు వేసుకోగలిగిన గది ఆ షెడ్డు ఒక్కటే. దురద, వాసన, పొడి, అన్నీ నావి. అక్కడ నేను ముట్టుకుంటే ఎవరి కంచమూ మైలపడదు. గీత గీస్తే అది నిలుస్తుంది. అది పోతే నాకు మిగిలేది కాళ్ళు పట్టడం.

ఆదివారానికి కొత్త బోర్డు కావాలన్నాడు. చీటీ ఇచ్చాడు. డెబ్బై, ముప్పై. ఒక్కసారి చెప్పి చూద్దామనుకున్నాను. దాచినంతకాలం దాచింది నేను కదా.

"ఏవండీ, ఒకసారి బరువు చూసుకుంటే..."

"నా ఒళ్ళు నాకు తెలియదా? చెప్పింది చెయ్యి. అందుకే మిషను కావాలనేది. నోరుండదు దానికి."

సరేననుకున్నాను. మిషను ఏం చేస్తుందో అదే చేద్దామనుకున్నాను. దిమ్మ బల్ల మీద పెట్టి కొలిచి గీశాను. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా చెయ్యి పైపైన పోయింది. ఆపి, వెనక్కొచ్చి, చిత్రిక గట్టిగా నొక్కాను. ఎనిమిది లీటర్ల ఫోమ్ పొడై నా కాళ్ళ మీద రాలింది. పనిలో అంత హాయి నాకెప్పుడూ కలగలేదు. ఆయన వచ్చి బద్ద మీద రాసి సంతకం పెట్టి, చంకలో పెట్టుకుని అద్దంలో చూసుకుని వెళ్ళాడు.

ఆదివారం అలలు నడుమెత్తు కూడా లేవు. మనిషికి ప్రమాదం లేదు. క్లబ్బు నుంచి ముగ్గురు వచ్చారు. సెక్రటరీ పెద్దావిడ, పొట్టి జుట్టు, ఎండకు మాడిన భుజాలు, తక్కువ మాట. నేర్చుకునే పిల్లలు పన్నెండు మంది ఇసుకలో వరసగా కూర్చున్నారు. ఆయన నీళ్ళలోకి పరిగెత్తి బోర్డు మీద పడుకున్నాడు. బోర్డు కనపడలేదు. తల, వీపు మాత్రం కనపడ్డాయి. చేతులు టపటపా కొట్టాడు. మొదటి అల ఆయన కిందనుంచి వచ్చి ఒడ్డున మా కాళ్ళు తడిపింది. రెండోదీ అంతే. "సార్ మంచి అల కోసం చూస్తున్నాడు" అన్నాడో పిల్లాడు. అయిదో అల తరవాత ఆ మాట ఎవరూ అనలేదు. ఏడోది విరిగి నురగై వెనకనుంచి తోస్తే, బోర్డు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని ఆయన బోర్లాపడ్డాడు.

ఇసుక ఉమ్ముకుంటూ బోర్డు ఈడ్చుకొచ్చాడు.

"ఏం చేశావే దీన్ని?"

"మీరు రాసిందే చేశాను."

"చూశారా అండీ" అన్నాడు సెక్రటరీతో. "ఆడదాని చేతికి పనిస్తే ఇదిగో, ఇలా తగలేస్తుంది."

ఆవిడ కనుబొమలు ముడిచింది. "ఈవిడ చేతికా? బోర్డులు మీరు చేస్తారని కదా చెప్పారు?"

ఆయన మొహం మీది ఇసుక తుడుచుకున్నాడు. ఆవిడ వంగి బద్ద మీద రాత చదివింది. "డెబ్బై కిలోలు. ఎవరు, మీరా?" పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కన పడున్న ఆయన పాత బోర్డును ఆవిడ చంకలోకి తీసుకుని, అరచేత్తో మధ్య భాగం తడిమింది. "దీని మీదా ముప్పై అనే ఉంది. ఇది ముప్పై కాదే. ఎంతమ్మా?"

"ముప్పై ఎనిమిదండీ."

"మరి ముప్పై అని ఉందేం?"

"రాసింది ఆయన. చేసింది నేను."

ఆవిడ ఈసారి అంచు తడిమి చూసింది. "వచ్చే ఆదివారం ఇంకోసారి చూస్తాం" అని వెళ్ళిపోయింది.

"మొగుణ్ణి పదిమందిలో ముంచి కూర్చుంది, పాపిష్టిది" అని అత్తయ్య రెండు రోజులు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఆయన నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. తాళంచెవి అడగలేదు, నేను ఇవ్వలేదు.

మూడో రోజు పొద్దున షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. బయట పిల్లలు కాలు జారకుండా బోర్డులకు మైనం రుద్దుతున్నారు.

"పాతదానిలాగే ఒకటి చెయ్యి" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఎన్ని లీటర్లు?"

"నీకు తెలుసుగా."

"నాకెలా తెలుస్తుంది? నంబర్లు మీవి కదా."

"పిల్లలు వింటారే, మెల్లగా మాట్లాడు!"

బల్ల కిందనుంచి బరువు మిషను లాగి గుమ్మంలోనే పెట్టాను. ముందురోజు పొద్దున పక్కింటి నర్సు దగ్గర అడిగి తెచ్చాను. "ఎక్కండి. పైకి చదవండి. విన్నదే రాస్తాను, రాసిందే చేస్తాను."

బయట మైనం రుద్దే చప్పుడు ఆగింది. ఆయన ఒకసారి వాళ్ళ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. చెప్పులు విడిచి ఎక్కాడు. తల వంచి కళ్ళు చికిలించాడు. ఇంకా వంగాడు. పొట్ట అడ్డం వచ్చింది.

"కనపడి చావట్లేదు. నా కళ్ళజోడెక్కడే?"

ఎక్కడుందో నాకు తెలుసు. పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను.