ఎజ్రా కోసం వచ్చిన కారు

మా పార్లమెంటు మెంబరు వేటకెళ్ళి గుర్రం మీంచి పడి చచ్చిపోయాడు. ఇంకేముంది, జిల్లా అంతా అట్టుడికిపోయింది. చర్చి గంటలు, నల్లగుడ్డలు, పేపర్లలో బొమ్మలు, ఆ వెంటనే ఉప ఎన్నిక. అంతకు ముందు అక్టోబరులో మా తమ్ముడు ఎజ్రా జ్వరమొచ్చి పోతే, ఏడ్చినదాన్ని నేనొక్కదాన్ని.

లింకన్‌షైర్ చిత్తడి నేలల్లో, ఊరికి చాలా దూరంగా, కాలవ గట్టు మీద ఉంటుంది మా ఇల్లు. వాడూ పెళ్ళి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు. వాడు పోయాక నన్ను పలకరించిన దిక్కు లేదు. పోస్టుమన్ కూడా రాడు, మాకు ఉత్తరాలు రాసేదెవరు? బాతులతో మాట్లాడేదాన్ని. అవి మాత్రం ఎంతసేపని వింటాయి!

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఎవరో పెద్దమనిషి, కోటుకు పసుపు రిబ్బను, మోకాళ్ళ దాకా బురద. పేరు టిడ్‌మార్ష్ అట, ఎన్నికల పని మీద పట్నం నుంచి వచ్చాడట.

"ఎజ్రా పాస్క్ గారిల్లు ఇదేనా అమ్మా? ఆయన ఓటు కోసం వచ్చాను."

ఓటర్ల జాబితా వేసవిలో రాస్తారు, కొత్త సంవత్సరంలో వాడతారు. మధ్యలో ఎవరు పోయినా దానికి పట్టదు. ఆ లెక్కన మా తమ్ముడు నిక్షేపంగా బతికే ఉన్నాడు. పోయాడండీ అందామని నోరు తెరిచాను. అంటే ఏమవుతుంది? అయ్యో పాపం అని టోపీ తీసి, వచ్చిన దారినే పోతాడు.

"కాలవలో పూడిక తీస్తున్నాడు బాబూ. లోపలికి రండి, టీ తాగుదురుగాని," అన్నాను.

వచ్చి కూర్చున్నాడు. తమ పసుపు పార్టీ గెలిస్తే అదే డబ్బుకి పెద్ద రొట్టె, ఎదుటి పార్టీ నీలం వాళ్ళు గెలిస్తే చిన్న రొట్టె అని చేతులతో కొలిచి మరీ చూపించాడు.

"ఇంతకీ మీ తమ్ముడుగారు ఎటువైపు?"

"వాడి బుర్రలో ఏముందో వాడికే తెలీదు. రేపొచ్చి కనుక్కోండి."

ఏదో ఒక రంగు తేల్చి చెప్పినవాడి ఇంటికి ఎవరూ మళ్ళీ రారు. ఎటూ తేల్చనివాడి గుమ్మమే అరగదీస్తారు. ఆ సంగతి నాకు ఆ ఒక్క పూటలోనే అర్థమైంది. కాబట్టి మా ఎజ్రా ఎటూ తేల్చలేదు.

నీలం వాళ్ళ తరఫున మిస్ వెనబుల్స్ వచ్చింది. పడుచు పిల్ల, ముక్కు చలికి ఎర్రబడి ఉంది. ఆడవాళ్ళకి ఓటెక్కడిది, ఆమెకూ లేదు, నాకూ లేదు. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని, లేని మగాడి ఓటు గురించి మాట్లాడుకున్నాం. నేను చేసిన షాజీరా కేకు ఆమెకు తెగ నచ్చింది. రెండు రోజులకోసారి వచ్చేది. "ఈరోజైనా ఉన్నారా ఆయన?" అని అడిగేది. రెల్లు కోయడానికి వెళ్ళాడనో, బంగాళాదుంపలు అమ్మడానికి వెళ్ళాడనో చెప్పేదాన్ని. బతికుండగా అన్ని పనులు చేసిన పాపాన పోలేదు వెధవ!

"మలుగు చేపల్ని ఒట్టి చేతుల్తో పడతాడు గాని, మా మగబాతంటే హడల్. ఓసారి అది తరిమితే ఆదివారం బట్టల్లోనే కొట్టం కప్పెక్కి కూర్చున్నాడు. దాన్ని పిలవవే అక్కా అని ఒకటే కేకలు!"

మిస్ వెనబుల్స్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆయన్ని చూసి తీరాలండీ," అంది. నేనూ నవ్వాను. వాడు పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఆ రాత్రి వాడి కప్పు కూడా కడిగి బల్ల మీద పెట్టాను. తర్వాత రోజూ చీకటి పడే వేళకు వాడి బూట్ల చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. పిచ్చి అనుకుంటే అనుకోండి, నాకేం సిగ్గు లేదు.

"పోలింగు రోజు నేనే కారు తీసుకొస్తాను. ఆయన్ని దగ్గరుండి తీసుకెళ్తాను," అంది ఆమె. అక్కడితో అంతా అయిపోతుంది. ఆమె రాదు, వీడు మళ్ళీ చచ్చిపోతాడు. ఉన్న సంగతి చెప్పేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను, నోరు రాలేదు.

ఆ రోజు నీలం రిబ్బన్లు కట్టిన కారు గేటు ముందు ఆగింది. నేను నల్ల టోపీ పెట్టుకుని ఎదురెళ్ళాను.

"ఏరండీ ఎజ్రా గారు?"

"చర్చి దగ్గరున్నాడు. నన్నెక్కించుకో, చూపిస్తా."

కారెక్కడం నాకదే మొదలు. దారిలో టిడ్‌మార్ష్ గారు గుర్రబ్బండిలో ఎదురొచ్చి, నన్ను నీలం కారులో చూసి మొహం మాడ్చుకున్నాడు. ఎజ్రా చేజారిపోయాడనుకున్నాడు పాపం.

చర్చి వెనక్కి తీసుకెళ్ళి, చెక్క పాతిన మట్టిదిబ్బ ముందు ఆగాను. "ఇడుగో," అన్నాను.

చెక్క మీద పేరు చదివి ఆ పిల్ల తెల్లబోయింది.

"పోయారా! ఎప్పుడు?"

"అక్టోబరులో."

"మరి చెప్పరేంటండీ? ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేసి తిప్పుకున్నారా?"

"చెప్తే వచ్చేదానివటే?" అన్నాను. కోపమే వచ్చింది నాకు. "ఎటు వేస్తాడు, ఎటు వేస్తాడు! వాడికి ఒంట్లో ఎలా ఉందని మీలో ఒక్కరైనా అడిగారా?" వంగి చెక్క మీద బురద తుడిచాను. "ఇంట్లో మనిషి అలికిడి కావాలమ్మా నాకు. అంతే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఎన్నికయ్యాక వస్తాను. ఓట్ల గొడవ లేకుండా, ఊరికే, మీకోసం. ఒట్టు." డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకా ఎంతోమంది ఓటర్లను ఎక్కించుకోవాలి కదా, వెళ్ళిపోయింది. నేను వాన్లో తడుస్తూ నడిచి ఇంటికొచ్చాను.

నీలం వాళ్ళే గెలిచారు. నేను వారం వారం కేకు చేస్తూనే ఉన్నాను. బూజు పడితే బాతులకు వేశాను. వేసవి వచ్చింది, పోయింది. పిల్ల మంచిదే. వద్దామని అనుకునే ఉంటుంది.

మరుసటి జనవరిలో దేశమంతటా ఎన్నికలొచ్చాయి. కొత్త జాబితాలో ఎజ్రా పేరు తీసేశారని చర్చిలో ఎవరో అంటుంటే విన్నాను. విన్నా సరే, పోలింగు రోజు కేకు చేశాను, కెటిల్ పెట్టాను, టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. గట్టు మీద కారు వస్తోంది, అవే నీలం రిబ్బన్లు. లోపల మిస్ వెనబుల్స్. నన్ను చూసి, మొహమంతా నవ్వుతో, చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. కారు ఆగలేదు. ఓటున్న ఇల్లు గట్టు చివర ఇంకొకటుంది, అక్కడికి వెళ్ళిపోయింది.

లోపలికొచ్చి కెటిల్ దించాను. టోపీ తీసి మేకుకు తగిలించాను. బల్ల మీద వాడి కప్పు అలాగే ఉంది.

"ఒరేయ్ ఎజ్రా," అన్నాను, "ఇప్పుడు పోయావురా నువ్వు."