చిటికెన వేలికి తెలిసిన వేడి

గిన్నెలో పాలు. పాలలో ఆమె చిటికెన వేలు.

కాలకూడదు. చల్లగానూ తగలకూడదు. ఆ రెంటికీ నడుమ ఒక చోటుంది — గోరువెచ్చన. ఆ చోటు అప్పాయమ్మ చిటికెన వేలికి తెలుసు. అక్కడ తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగు గడ్డలా పేరుకుంటుంది.

తోడు ఎవరిదైనా ఒకటే. తనది పులిసిపోతే గోడ మీంచి పక్కింటి తబితను అడుగుతుంది. తబితది అయిపోతే తబిత ఇటు అడుగుతుంది. అప్పాయమ్మ చేపల బుట్ట ఎత్తే మనిషి. తబిత బళ్ళో పాఠాలు చెప్పి, ఆదివారం చర్చిలో పాటలు పాడే టీచరమ్మ. గోడకు అటొక దేవుడు, ఇటొక దేవుడు. పెరుగు మాత్రం ఒకటే... అది ఏ ఇంట్లో మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక్క చెంచా చాలు. లేదు అనే మాట ఆ గోడ ఎప్పుడూ వినలేదు.

నీళ్ళు. చెరువుకు గాలి పట్టే ఏరేటర్ల చప్పుడు. తెల్లని నురగ.

అప్పాయమ్మ మొగుడు పెదబాబు లోకం అది. వయసులో ఉండగా గోదావరి మీద వల విసిరినవాడు, నదిలో చేప పలచబడ్డాక భీమవరం పక్కన రొయ్యల చెరువుల మీద పనికి కుదిరాడు. కుదిరినవాడు ఊరుకోక ఆ రొయ్యల మీద ప్రాణం పెట్టుకున్నాడు. వాటికి జబ్బు చేస్తే ఇతగాడికి ముద్ద దిగదు. నాకు జ్వరమొచ్చినప్పుడు ఇంత దిగులుపడ్డావా అని అప్పాయమ్మ దెప్పేది. నీకు మీసాలు లేవు కదే అనేవాడు. ఆమె చేతిలో ఏముంటే అది విసిరేది. తగలకుండానే విసిరేదిలెండి.

జబ్బు చేసినప్పుడల్లా తెల్లపొడి వచ్చేది. పేరు చింపేసిన పాకెట్లలో, చెరువు ఆసామి కారులో. బెల్లం నీళ్ళలో ఆ పొడి కలిపి, మేతకు పట్టించి, ఆరబెట్టి, తెప్ప మీద తిరుగుతూ చల్లేవాడు పెదబాబు. జబ్బు లేనప్పుడూ చల్లేవాడు — రాకుండా ఉంటుందని. బిడ్డకు ముందుగానే దిష్టి తీసినట్టు.

ప్రేమగానే చల్లాడు. వచ్చిన చిక్కంతా అదే.

పొడి నీళ్ళలోకి దిగినప్పుడల్లా కంటికి కనబడని క్రిములు కోట్లలో చచ్చేవి. కొన్ని మాత్రం చచ్చేవి కావు. వాటి ఒంటి పైపొర కాస్త వేరుగా అల్లుకుని ఉండేది. మందుకు పట్టు దొరికేది కాదు. చచ్చినవాటి చోటంతా బతికినవాటిదయ్యేది. మళ్ళీ పొడి... మళ్ళీ అవే.

తమ మానాన తాము బతికితే పోనీ అనుకోవచ్చు. ఊరుకోలేదు. పక్కనున్నదాన్ని ఆనుకున్నాయి. నడుమ దారమంత సన్నని వంతెన వేశాయి. బతికే ఆ నేర్పును చిన్న చుట్టగా చుట్టి అవతలి ఒంట్లోకి పంపేశాయి. నీది ఏ జాతి అని అడగలేదు. గోడ మీంచి తోడు ఇచ్చినట్టు ఇచ్చేశాయి. ఇచ్చినందుకు వాటికేమీ తరగలేదు.

చెరువు నీళ్ళు కాలవలోకి. కాలవ నీళ్ళు ఇంకో చెరువులోకి. చేతి నుంచి చేతికి, నీటి నుంచి నీటికి... నిదానంగా, చప్పుడు లేకుండా.

ఒక మధ్యాహ్నం ఏరేటర్ రెక్క పెదబాబు పిక్కను కోసింది.

చిన్న గాటే. ఇంటికొచ్చాక అప్పాయమ్మ పసుపు అద్దబోతే వద్దన్నాడు. చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు. తెల్లపొడి.

"అన్ని లక్షల రొయ్యల్ని బతికించింది, నా ఒక్క కాలిని బతికించదేంటే?"

ఆమె నవ్వింది. నవ్వి, తనే ఆ పొడి అద్ది, పాత చీర చించి కట్టు కట్టింది. సలుపు ఎక్కువైతే తబిత ఇంట్లో మిగిలిన క్యాప్సూల్స్ అడిగి తెచ్చి వేసింది. మాత్రలూ ఆ గోడ మీంచే వస్తాయి మరి. ఆ వాడలో ఎవరూ చీటీలో రాసిన మందులు చివరిదాకా మింగరు. తగ్గగానే ఆపి, మిగిలినవి పక్కింటి అవసరానికి దాచిపెడతారు. అది వాళ్ళ మంచితనం.

కాలు ఉబ్బింది. ఎర్రబడింది. నల్లబడటం మొదలైంది.

పెద్దాసుపత్రిలో ఒక మందు ఎక్కించారు. అది మార్చి ఇంకొకటి. ఇంకొకటి... జ్వరం ఏ మందు మాటా వినలేదు. డాక్టర్ ఉదయభాస్కర్ కుర్రవాడు, నెమ్మదస్తుడు. పొడి సంగతి విని, ఇంట్లో మిగిలిన పొట్లం తెప్పించుకుని పరీక్షకు పంపాడు. తర్వాత అప్పాయమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తను నిలబడి చెప్పాడు.

"ఇంకేవీ పనిచెయ్యనప్పుడు వాడదామని ఒక మందు దాచుకుంటామండి. కొలిస్టిన్ అంటారు. పెద్దాయన గాయంలో క్రిములు దానికీ లొంగట్లేదు. మీ పొట్లంలో ఉన్నది కూడా ఆ మందేనండి."

ఆఖరికని దాచుకున్నది. దాన్ని తన మొగుడు తెప్ప మీద తిరుగుతూ, పాట పాడుకుంటూ చల్లాడు.

పేరు చింపిన చేతి మీద ఆమెకు కోపం వచ్చింది. ఒళ్ళు మండేంత కోపం. ఆ తర్వాత తన చేతులు చూసుకుంది. కట్టు కట్టింది ఇవే. ఏడుపు వచ్చింది. ఏడ్చింది.

రెండు పాత మందులు కలిపి ఎక్కిస్తామన్నాడు డాక్టరు. రేప్పొద్దుటికి జ్వరం దిగితే మందు పట్టినట్టు, కాలు నిలుస్తుంది. దిగకపోతే మోకాలి పైదాకా తీసేయాలి. అంతకన్నా ఆగితే మనిషే దక్కడని చెప్పాడు.

పెదబాబుకు ఇవేవీ పట్టలేదు. పెరుగన్నం కావాలన్నాడు. ఇంటి పెరుగే కావాలన్నాడు. చంటిపిల్లాడిలా మూతి ముడిచాడు.

ఇంటికి బయల్దేరిన అప్పాయమ్మ వార్డు గడప దగ్గరే ఆగిపోయింది.

"పెరుగులో ఉండేవీ క్రిములేనంట కదా బాబుగారూ. పెట్టొచ్చంటారా?"

డాక్టరు మొదటిసారి నవ్వాడు. "అవి మనవాళ్ళేనండి. పెట్టండి."

సాయంత్రం ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో ఉండిపోయిన రోజుల్లో తన గిన్నెలో తోడు బూజు పట్టింది. గోడ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి, పిలవలేక నిలబడింది. ఇన్నాళ్ళూ ఈ గోడ మీద చెయ్యి చాపడానికి ఆలోచించింది లేదు.

తబితే వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఆ క్యాప్సూల్స్ నేను ఇవ్వకుండా ఉండాల్సింది పిన్నిగారూ అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయింది. అప్పాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లను చూస్తే ప్రేమే కలిగింది, ఎప్పటిలాగే. అడిగిందీ తనే, ఇచ్చిందీ అడిగినందుకే.

"తోడుందేంటి, తబితమ్మా?"

ఒక్క చెంచా గోడ దాటింది.

పాలలో చిటికెన వేలు. గోరువెచ్చన. మూత.

పొద్దున్నే క్యారేజీతో ఆసుపత్రికి వెళ్ళింది. దారి పొడవునా చెరువులు. ఏరేటర్లు నీటిని చిలుకుతూనే ఉన్నాయి. తెల్లని నురగ పొరలు పొరలుగా గట్టుకు వచ్చి ఆగుతోంది.

పెదబాబు కళ్ళు మూసుకుని ఉన్నాడు. దుప్పటి కింద రెండు కాళ్ళూ ఉన్నాయి, ఇంకా. ఆ చివర మంచం దగ్గర నర్సు ఎవరికో థర్మామీటర్ పెడుతోంది. ఒక్కొక్క మంచమే చూసుకుంటూ ఇటే వస్తోంది.

అంతదాకా ఆగలేకపోయింది అప్పాయమ్మ. అతని నుదుటి మీద చిటికెన వేలు ఆనించింది.

అతను కళ్ళు తెరవకుండానే అడిగాడు. "పెరుగు పేరుకుందేంటే?"

పేరుకుందంది.

కాలలేదు. చల్లగానూ తగలలేదు.

పాలైతే, ఇక తోడు వెయ్యవచ్చని చెప్పేది ఆ వేలు. మనిషి నుదురు... దిగుతున్న జ్వరమో, ఎక్కబోతున్న జ్వరమో... ఆ వేలికి తెలియలేదు.

తీయకుండా అక్కడే ఉంచింది.