ద్వారపాలకుడి రెండు మాటలు

నేను ఒక పాత నాటకం పుస్తకాన్ని. నాలోని కథ పుట్టి కొన్ని వందల ఏళ్లయింది. నేను అచ్చయింది మాత్రం తెనాలిలో, చేత్తో అక్షరాలు పేర్చే ప్రెస్సులో. కొత్తలో నాకు మహా గర్వం. రాజుగారి పద్యాలే నలభై రెండున్నాయి మరి!

నన్ను మొదట కొన్నది ప్రాంప్టర్ నాగభూషణంగారు. తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాట నన్ను చూసి అందించడం ఆయన పని. రాజు వేషగాడు ఒక్కో పద్యానికి ఎంతసేపైనా రాగం తీసేవాడు. జనం 'వన్స్ మోర్' అంటే మళ్లీ మొదటికి వచ్చేవాడు. నాటకం వేళకి ముగియాలంటే ఎక్కడో కోత పడాలి. కోత ఎప్పుడూ చిన్నవాళ్ల మీదే కదా! నాలుగో అంకంలో ద్వారపాలకుడి మాటలు తీసేయమన్నాడు నాటకం ఆడించే కాంట్రాక్టరు. నాగభూషణంగారు నీలం పెన్సిల్‌తో గీత పెట్టారు, అదీ అక్షరాలు కనబడేంత సన్నగా. జన్మంతా తెరచాటున నిలబడ్డ మనిషికి కొట్టేయడానికి చెయ్యి రాలేదేమో. నేను మాత్రం పీడ విరగడైందనుకున్నాను.

ఆయన పోయాక ఇంట్లోవాళ్లు నన్ను శాఖా గ్రంథాలయానికి ఇచ్చేశారు. అక్కడ బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్నాను. పదేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాలన్నీ పాత కాగితాల కింద వేసేయాలని మొన్నామధ్య ఉత్తర్వు వచ్చింది. లైబ్రేరియన్ హైమవతిగారు నన్ను అటూ ఇటూ తిప్పి, "రాజులూ రాణులూ! ఇప్పుడెవరు చదువుతారండీ ఇవన్నీ?" అన్నారు. ఆ మాట తప్పని నాకే అనిపించలేదు. అందుకే మరింత ఏడుపొచ్చింది.

మూటలు కట్టే పని అటెండర్ వీరాస్వామిగారిది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, మర్నాడే రిటైర్మెంటు. వీడ్కోలు సభలో రెండు మాటలు మాట్లాడాలన్నదే ఆయన బెంగ.

"నాకేం వచ్చండీ మాటలు? వచ్చినోళ్లకి కుర్చీ చూపించటం తప్ప!" అని పొద్దుట్నుంచీ హైమవతిగారి దగ్గర మొత్తుకుంటున్నారు.

తాడు బిగిస్తుంటే నా నాలుగో అంకం తెరుచుకుంది. గీత కింద ఏముందో చూద్దామని కాబోలు, కళ్లజోడు పెట్టుకున్నారు. పెదవులు మెల్లగా కదిలాయి. చదివిందే మళ్లీ చదివారు. తర్వాత నన్ను మూటలోంచి లాగి క్యారియర్ సంచిలో పెట్టుకున్నారు.

సభలో పెద్ద అధికారి శాలువా పట్టుకుని, "మన ఈ..." అని ఆగి, జేబులో చీటీ వెతుక్కుని పేరు చదివారు. వీరాస్వామిగారు నన్ను తెరిచారు.

"ఇది పాత నాటకంలో కాపలావాడి మాటండీ. 'ఈ వాకిట నిలిచి ఎందరి పేర్లో నీకు విన్నవించాను, రాజా! ఒక్కనాడు నువ్వు నా చోట నిలిచి నా పేరు చెప్పగలవా?' అంతేనండీ. నేను చెప్పుకునేదీ ఇదే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధికారి చీటీని నలిపి జేబులో దాచుకున్నారు.

హైమవతిగారు లేచి రిజిస్టరు తెచ్చారు. "పుస్తకం మీ పేర రాస్తాను. మీ కార్డేదండీ?"

"అటెండరుకి కార్డెందుకు మేడం? ఎప్పుడూ తీసుకోలేదు."

ఆవిడ అక్కడికక్కడే కార్డు రాశారు. రాసి, గుమ్మం దగ్గర నిలబడి, హాలంతా వినబడేలా చదివారు: "మండ్రు వీరాస్వామిగారు."

ఆయన ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. నలభై రెండు పద్యాలు చూసుకుని మురిసిన నన్ను బతికించింది, కొట్టేసిన రెండు వాక్యాలు.

గడువు పదిహేను రోజులు. ఏడు నెలలైనా ఆయన నన్ను తిరిగివ్వలేదు, హైమవతిగారూ అడగలేదు.