గొంతుల డిస్కు

ఆసుపత్రి కింది అంతస్తులో కంప్యూటర్లు చూసుకునే ఆమెను అందరూ తాళాలమ్మ అనేవారు. పాస్‌వర్డులన్నీ ఆమె దగ్గరే ఉంటాయి మరి. ఆ మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చిన మనిషిని చూసి ఆమె గబుక్కున లేచి నిలబడింది. వచ్చింది మూడో అంతస్తులో మాటలు నేర్పే డాక్టరమ్మ. మూడేళ్ళ కిందటి దాకా తాళాలమ్మకు వదిన. అన్నయ్యా ఆమే విడిపోయాక, ఒకే కప్పు కింద పనిచేస్తూ కూడా తాళాలమ్మ లిఫ్టు మానేసి మెట్లెక్కేది, ఎక్కడ ఎదురుపడాల్సి వస్తుందోనని.

"మా గొంతుల కంప్యూటరు తెరుచుకోవడం లేదు," అంది వదిన, కుశలప్రశ్నల జోలికి పోకుండా. "నాలుగింటికి కండక్టరుగారు వస్తున్నారు."

బస్సు కండక్టరు ఆయన. జబ్బు ముదిరి స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. ఆపరేషనుకు ముందు వదిన ఆయన్ని నాలుగు రోజులు కూర్చోబెట్టి, మూడు వందల పన్నెండు వాక్యాలు చెప్పించి రికార్డు చేసింది. వాటిని ఒక ట్యాబ్‌లోకి ఎక్కిస్తే, కావలసిన వాక్యం మీద వేలు పెట్టగానే ఆయన గొంతే పలుకుతుంది. ఆ ఎక్కించే పని ఇవాళే.

"నకలు ఉంటుంది కదా?"

తాళాలమ్మ వెతికింది. వారం వారం నకలు తీయాల్సిన ఏర్పాటు రెండు నెలలుగా ఆగిపోయి ఉంది.

"లేదు వదినా. చూసుకోవలసింది నేనే. చూసుకోలేదు."

తిడుతుందనుకుంది. వదిన గోడవార ఉన్న అట్టపెట్టె లాక్కుని దాని మీద కూర్చుంది. "సరే. ఇప్పుడేం చేద్దాం?"

ఆ గదిలోని ఒక్క పెద్ద సర్వరులో పదకొండు కంప్యూటర్లు కాపురం ఉంటాయి. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. వాటికి విడిగా ఒళ్ళుండదు. ఒక్కోదాని డిస్కు కూడా నిజానికి ఈ సర్వరులో దాచిన ఫైలే. గొంతుల మెషీనుకు అలాంటి డిస్కులు రెండు. పొద్దున అప్‌డేట్ సగంలో ఆగి పాడయింది మొదటిది, మెషీనును నడిపేది. రికార్డులున్న రెండోది మాత్రం చెక్కుచెదరలేదు.

"నర్సుల శిక్షణకని మనమే ఇంకో మెషీన్ పెట్టాం, గుర్తుందా? ఏడాదిగా మూసే ఉంది. అందులోనూ మీ ప్రోగ్రామే ఉంది. ఈ డిస్కుకు నకలు తీసి దానికి తగిలిస్తాను. అసలుది ముట్టుకోను."

నకలు మొదలైంది. నలభై నిమిషాలు పడుతుందని తెర చూపించింది. బయటికి పోవడానికి లేదు, మాట్లాడకుండా కూర్చోవడానికీ లేదు. ఏసీ చలికి వణుకుతున్న తాళాలమ్మ భుజాల మీద వదిన తన శాలువా కప్పింది.

"మీ అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. వంట నేర్చుకుంటున్నాడు."

"అయ్యో. తినేదెవరు?"

"నేనే."

వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో తాళాలమ్మకు అప్పుడు తెలిసింది.

"ఇందాకటి నుంచీ వదినా వదినా అంటున్నావు," అంది వదిన, నవ్వు తగ్గాక.

"డాక్టరుగారూ అనమంటారా?"

"అని చూడు, చెవి మెలేస్తాను." మళ్ళీ నెమ్మదిగా అంది, "నేను విడిపోయింది మీ అన్నయ్య నుంచే. నువ్వెందుకు మొహం చాటేశావు?"

"ఎవరి వైపు నిలబడాలో తెలియలేదు," అంది తాళాలమ్మ. వదిన ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది. తెర మీద గీత నూటికి నూరయ్యే దాకా వదల్లేదు.

నాలుగవడానికి ఇంకా పాతిక నిమిషాలుంది. శిక్షణ మెషీన్లో సరిగ్గా అదే పేరుతో ఒక డిస్కు ఉంది. ఒకే పేరుతో రెండోది పెడితే మొదటిదాన్ని మింగేస్తుంది. అందుకని తాళాలమ్మ నకలుకు 'గొంతులు' అని కొత్త పేరు పెట్టి, మెషీనుకు తగిలించి, ఆన్ చేసింది.

డిస్కు కనబడటం లేదు, అంది తెర.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. మూడోసారీ గబగబా అదే చేయబోయింది.

"కంగారుపడకు. నాకు చెప్పు, ఏం చేశావో," అంది వదిన, మాట రాని పిల్లలతో మాట్లాడే నిదానంతో.

ఆమె ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. సగంలోనే నాలుక కరుచుకుంది. "డిస్కంటే ఒక్క ఫైలు కాదు వదినా, జంట! పెద్దదానిలో సరుకుంటుంది, చిన్నది దాని చిరునామా. నేను పెద్దదాని పేరే మార్చాను. చిన్నది ఇంకా దాన్ని పాతపేరు పెట్టే పిలుస్తోంది."

చిన్న ఫైలు తెరిచి, అందులో పాతపేరున్న ఒక్క వరుస దిద్దింది. ఈసారి మెషీన్ లేచింది. ప్రోగ్రాము తెరుచుకుంది. మూడు వందల పన్నెండూ వరుసగా దిగాయి. వదిన వాటిని ట్యాబ్‌లోకి ఎక్కించి, తాళాలమ్మ మోచెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు లాక్కుపోయింది.

కండక్టరుగారు మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని భార్యతో వచ్చారు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఈ యంత్రాలేవీ తనకు పట్టనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆపరేషనయినప్పటి నుంచీ ఆవిడా పెద్దగా మాట్లాడటం లేదట. వదిన ట్యాబ్ ఇచ్చి ఎలా వాడాలో చూపించింది. ఆయన జాబితాను పైకీ కిందికీ జరిపి, ఒకచోట వేలు పెట్టారు.

"ఏమేవ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?" గదంతా నిండిపోయింది ఆయన గొంతు, కాస్త బొంగురుగా, కాస్త విసుగ్గా.

"నేనెందుకు పెడతానూ? మీ నెత్తిమీదే ఉంది, చూసుకోండి," అంది ఆవిడ, తల తిప్పకుండానే.

అని, ఆగిపోయింది. మెల్లగా ఇటు తిరిగింది. ఆయన నెత్తి తడుముకుని, నిజంగానే అక్కడున్న కళ్ళజోడు తీసి చూపించి, శబ్దం లేకుండా నవ్వారు. ఆవిడ చేతిసంచి జారి కింద పడింది. రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుని, అందరి ముందే, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఒక చేత్తో ఆవిడ వీపు నిమురుతూ, రెండో చేత్తో ట్యాబ్‌లో ఏదో వెతికారు.

"ఊరుకోవే, ఇక్కడే ఉన్నాగా," అంది ఆ గొంతు.

తాళాలమ్మ గుమ్మం బయటికి వచ్చి కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి కండక్టరు భార్య వచ్చి అడిగింది, "అమ్మా, ఇది మళ్ళీ పోదు కదా?"

"పోదమ్మా. వేరే వేరే చోట్ల మూడు నకళ్ళు దాస్తాను. ఇవాళే."

కిందికి దిగి ఆ పనే మొదలుపెట్టింది. మూడోది పూర్తయ్యేసరికి ఆరున్నరయింది. బయటికి వస్తే, గేటు దగ్గర బెంచీ మీద వదిన కూర్చుని ఉంది, చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపుకుని.

"ఇంకా వెళ్ళలేదేం వదినా?"

"ఆకలేస్తోంది. ఒక్కదాన్నీ తినబుద్ధి కాలేదు. పద."