సుబ్బన్న వేసిన ముడి

ఊరంతా జ్వరాలు పట్టిన ఏడు, కార్తీకంలో సుబ్బన్న పోయాడు. మగ్గం మీద పడుగు సగం నేత దగ్గర, ఒక చీర ముగిసిన చోట ఆగిపోయింది.

ఆ పడుగు నాగసుబ్బయ్య శెట్టిది. నూలు ఆయన ఇస్తాడు, సుబ్బన్న తండ్రి మద్దయ్య ఇంట్లో నేస్తారు, చీరలు ఆయన అంగడికి పోతాయి. ఈసారివి ఎర్ర అంచు చీరలు, ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి వచ్చేవాళ్లు కొనుక్కునేవి. పరామర్శకు వచ్చిన రోజు శెట్టి అరుగు మీద కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. లేచేముందు మాత్రం చెప్పవలసింది చెప్పాడు. ఉత్సవానికి ముందే చీరలు చేతికి రావాలి. నేత ఆగిపోతే ఇకమీదట ఈ ఇంటికి నూలు ఇవ్వలేడు. ఆ మాట అనడానికి ఆయనకూ బాగా లేదు, వినడానికి మద్దయ్యకూ బాగా లేదు.

మోకాలి నొప్పి మొదలైనప్పుడే మద్దయ్య తన మగ్గం విప్పి అటకెక్కించాడు. అందుకని సంక్రాంతి దాటాక కొడుకు మగ్గం గుంటలోకే దిగాడు. దిగిన నాటినుంచీ పోగులు తెగడం పట్టుకుంది. ఒకటి ముడేసేలోపల పక్కది తెగేది.

మద్దయ్య ఆలోచన ఎప్పుడూ వెనక్కి నడిచేది. పోగు తెగితే గంజి దగ్గరికి, గంజి నుంచి నూలు దగ్గరికి, నూలు నుంచి పత్తి పండిన చేను దాకా పోయేవాడు. పక్కింటి కాశన్నకు అంత ఓపిక లేదు. ఆయన బుర్రంతా చేతుల్లోనే ఉండేది. గుంటలో నీళ్లు చల్లించాడు, పడుగు సడలించాడు, మళ్లీ బిగించాడు, పోగులు దూరే అచ్చుకు నూనె రాశాడు. ఒకటి పనిచేసిందో లేదో తెలియకముందే ఇంకొకటి మొదలుపెట్టేవాడు. మద్దయ్య భార్య హనుమమ్మేమో తీర్చని మొక్కు ఏదో ఉండిపోయిందని వేళ్లు మడిచి దేవుళ్లను తలుచుకునేది.

ఇదివరకు కూడా ముగ్గురూ ఇలాగే మూడు వైపులకు లాగేవాళ్లు. అప్పుడు సుబ్బన్న చేతులు కట్టుకుని నవ్వేవాడు.

"నిన్న బాగుండి ఈ పొద్దు చెడిపోయిందంటే నడుమ ఏందో మారింటాది. అదేందో సూడల్ల," అనేవాడు. ఆ తర్వాత భార్య సోమక్క వైపు తిరిగి, "మా నాయన చేను దాకా పోయి వచ్చేలోపల మనం ఈడ్నే కూసోని కనుక్కుందాం రా," అనేవాడు.

ఇప్పుడు అలా అనేవాడు లేడు. సోమక్క మగ్గానికి ఎదురుగా గోడవార కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. పెళ్లయి వచ్చిన కొత్తలోనూ ఆమె మాటలు తక్కువే. చూపు మాత్రం ఎప్పుడూ పని మీదే ఉండేది. మామ తెగిన పోగును కొసలు కలిపి ముడేస్తుంటే, భర్త అడిగినట్టే తనను తాను అడుక్కుంది. నూలు అదే. గంజి సుబ్బన్న ఉండగానే పట్టించింది. ఆయన నేసినంత మేరా ఒక్క పోగు తెగలేదు. మరి నడుమ మారిందేమిటి? జవాబు వెంటనే వచ్చేది. ఆ జవాబు దగ్గర ఆమె రాట్నం ఆగిపోయేది. మారింది మనిషి. అక్కడినుంచి ముందుకు ఆలోచించడానికి చాలా రోజులు ఆమెకు మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం కళ్లు తుడుచుకుని, పోగులను వదిలిపెట్టి మామ కాళ్ల వైపు చూసింది. గుంటలో తొక్కుడు చెక్కలు తాళ్లకు వేలాడుతున్నాయి. సుబ్బన్న పొడగరి. తన కాళ్లకు తగినట్టు తాళ్లు కిందికి వదిలి ముడేసుకున్నాడు. మామ అంత పొడగరి కాదు. ఎడమ చెక్క తొక్కాలంటే కూర్చున్న చోటునుంచి సగం జారాలి. అందీ అందని చెక్క ఒక్కసారిగా కిందికి పడేది. ఆ కుదుపుకే పోగులు తెగేవి.

తెలిసినా ఆమె చెప్పలేదు. జ్వరం పోవాలని సుబ్బన్న పరుపు కాల్చేశారు, బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఆయన చేత్తో చేసింది చేసినట్టు మిగిలింది ఆ గుంటలోని తాళ్ల ముడులే.

కానీ ఆ తెల్లవారి కాశన్న వచ్చి, ఇక లాభం లేదు, పడుగు కోసేసి మళ్లీ మొదటినుంచి అతుకుదామన్నాడు. అలా చేస్తే ఉత్సవం నాటికి చీరలు రావు. కత్తి కోసం కాశన్న లేస్తుంటే సోమక్క నోరు విప్పింది.

"మామా, ఆ తాళ్లు నీకు పొడుగైతాండాయి."

మద్దయ్య చేతిలో పేక నూలు నాడె ఆగింది. ఆయన తల ఎత్తలేదు.

"తెలుసు," అన్నాడు.

కాశన్న నిలబడిపోయాడు. "తెలిసి మమ్మల్ని ఇన్నాళ్లు ఆడించినావా అప్పా?"

"దిగిన పొద్దే తెలిసినాది. ఇన్నేండ్లు నేసినోనికి కాలికింద చెక్క తెలీదా?" మద్దయ్య నాడె పక్కన పెట్టాడు. "వాడు యేసిన ముడి. విప్పబుద్ధి కాలేదు."

గంజి మంచిది కాదనీ నూలు మంచిది కాదనీ ఆయన చేను దాకా ఎందుకు పోయేవాడో సోమక్కకు అప్పుడు అర్థమయింది. తన కాలి దగ్గరికి రాకుండా ఉండడానికి. కాశన్న నూనె గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు.

"నువ్వు విప్పమ్మా. నాకు చేతకాదు," అన్నాడు మామ.

ఆమె గుంటలోకి దిగింది. ముడి దుమ్ముతోనూ చెమటతోనూ రాయిలా బిగిసి ఉంది. గోళ్లకు లొంగకపోతే రాట్నం కదురు తెచ్చి దాని మొనతో కొంచెం కొంచెంగా వదులు చేసింది. తాళ్లు పైకి లాగి పట్టుకుని, ఇంత చాలునా అని అడిగింది. ఇంకొంచెం అన్నాడు. మళ్లీ లాగింది. చాలన్నాడు. ఆమె ముడేసింది. మిగిలిన కొసలు కోయలేదు, అలాగే వేలాడనిచ్చింది.

మద్దయ్య తొక్కాడు. పోగులు రెండుగా విడిపోయి నెమ్మదిగా నోరు తెరిచాయి. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. సాయంత్రం దాకా పోగు తెగలేదు.

వంటింట్లోంచి హనుమమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఇన్నాళ్లూ ఆ తడబడే చప్పుడులో కొడుకు మగ్గం చప్పుడు కొంతైనా వినిపించేది ఆమెకు. ఇప్పుడు వినిపిస్తున్నది పూర్తిగా మొగుడిదే. ఎవరు విప్పారని అడిగింది. నేనే అత్తా అంది సోమక్క. ఆ రాత్రి హనుమమ్మ కోడలితో మాట్లాడలేదు.

కల్యాణానికి ముందే శెట్టి బండి వచ్చింది. ఆయన ఒక్కొక్క చీరా విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. నడిమి చీర దగ్గర వేలు ఆగింది.

"ఏమప్పా మద్దయ్యా, ఇది నేత నేర్చుకునేవాడు నేసినట్టుండాదే?"

"నేనేలే శెట్టీ," అన్నాడు మద్దయ్య.

శెట్టి ఆ చీర తీసుకోకుండా పక్కన పెట్టి, మిగిలినవి మూటగట్టించి, కొత్త నూలు దింపించాడు. ఇల్లు నిలబడింది. సుబ్బన్న నేసిన చీరలన్నీ ఆ మూటలోనే బండెక్కి పోయాయి.

హనుమమ్మ మిగిలిన చీరను ఒళ్లో పరుచుకుని అతుకు ముడులను వేలితో తడుముతూ కూర్చుంది.

"దీంట్లో వాడు నేసింది జానెడన్నా ఉండాదా?"

లేదు. మొదటి పోగు నుంచీ మామ నేసిందే. అది సోమక్కకు తెలుసు. చీర రెండో కొస పట్టుకుని, అత్తతో కలిసి మడత పెట్టింది.